వంగిన బండి, నిక్కిన బండి

బెర్గెన్,
సెప్టెంబరు 2

మూడో అంతస్తు నివాసి శ్రీ ఒడ్వార్ గారికి, రెండో అంతస్తు నివాసి, ఈ భవన నివాసుల సంఘం అధ్యక్షుడు ఆర్నుల్ఫ్ నమస్కరించి రాయునది.

పెరట్లో రేకుల షెడ్డు సగం చెత్తడబ్బాలకే పోయింది. మిగిలిన సగంలో ఒక్క మోటారుసైకిలే పడుతుంది. ఈ ఊళ్లో వాన సంగతి మీకు చెప్పక్కర్లేదు. అందుచేత నిన్న కార్యవర్గం సమావేశమైంది. మిగతా ఇద్దరూ రాలేదు కాబట్టి నేనే సమావేశమయ్యాను. రోజూ ఆఫీసుకు వెళ్లిరావడానికి ఏ బండి ఎక్కువ పనికొస్తే దానికే షెడ్డు అని ఏకగ్రీవంగా తీర్మానించాను.

నాది అడ్వెంచర్ బైకు. ఎత్తుగా, హుందాగా, రెండు పక్కలా అల్యూమినియం పెట్టెలతో ఉంటుంది. ఎలాంటి దారైనా దానికి లెక్కలేదు. మీది స్పోర్ట్ బైకు. ఎర్రగా ఉంటుంది. అంతకుమించి దాని గురించి చెప్పడానికి నాకేమీ కనిపించలేదు. కాబట్టి షెడ్డు నా బండికే. రేపటి నుంచి మీ బండిని గోడ పక్కన నిలుపుకోగలరు.

ఇట్లు,
ఆర్నుల్ఫ్ (అధ్యక్షుడు)

తా.క.: ఇరవై ఏళ్లుగా నువ్వు అని పిలిచినవాణ్ణి ఇప్పుడు మీరు అంటున్నాను. దయచేసి దీన్ని గౌరవమని పొరబడవద్దు.

*

సెప్టెంబరు 4

మహారాజశ్రీ అధ్యక్షులవారికి, గోడ పక్కన తడుస్తున్న బండి యజమాని ఒడ్వార్ రాయునది.

మీ తీర్మానం అందింది. పై మెట్టు మీద కూర్చుని నవ్వుతూ చదువుకున్నాను.

ఎలాంటి దారైనా లెక్కలేదన్నారు. మీరు రోజూ వెళ్లేది నీటి సరఫరా ఆఫీసుకి. పదహారు కిలోమీటర్లు, మొత్తం తారురోడ్డు, మధ్యలో ఒక సొరంగం. ఆ పెట్టెల్లో ఇంటిల్లిపాది నెలరోజుల సామాను పడుతుంది. మీరు పెట్టేది రెండు రొట్టెముక్కలూ ఒక యాపిలూ. ట్రాఫిక్ ఆగినప్పుడు నేను కార్ల మధ్య నుంచి జారుకుంటే, మీరు ఆ పెట్టెలతో ఇరుక్కుని కార్లతో పాటు నిలబడతారు. దానికి కారే కొనుక్కుంటే కనీసం పైకప్పయినా ఉండేది.

ఇంకొకటి. మీకు కాళ్లు నేలకు అందవు. పోయిన గురువారం రేవు దగ్గర సిగ్నల్లో ఆగబోయి, బండితో సహా ఎడమవైపుకు ఒరిగిపోయారు. బస్సులోంచి ముగ్గురు దిగి ఎత్తాల్సి వచ్చింది. ఇద్దరు బండిని ఎత్తారట, ఒకరు మిమ్మల్ని.

ఇట్లు,
ఒడ్వార్

తా.క.: బండి మీద ఎడారి బొమ్మ అంటించారు. మీ చక్రాలకు తెలిసిన ఇసుక శీతాకాలంలో మున్సిపాలిటీవాళ్లు మంచు మీద చల్లేదొక్కటే.

*

సెప్టెంబరు 6

శ్రీ ఒడ్వార్ గారికి,

నేను పడలేదు. దిగాను. బండి నాతో పాటు దిగింది.

మీ సంగతికి వద్దాం. మీరు ఆరున్నర అడుగుల మనిషి. ఆ ఎర్రబండి మీద కూర్చుంటే ముందు చక్రాన్ని వాసన చూస్తున్నట్టుంటుంది. మోకాళ్లు మోచేతులకు తగులుతాయి. ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తారు కాబట్టి మీకు వైద్యం దగ్గరే, అది ఒప్పుకుంటాను. కానీ మంగళవారం మీరు బండి దిగి నడుం ఎత్తలేక అలాగే వంగి పెరటంతా నడుస్తుంటే, కింది అంతస్తు దాగ్నీ అమ్మగారు మీరేదో పారేసుకున్నారనుకుని పాపం మీతో పాటు పావుగంట వెతికింది. డెబ్బై తొమ్మిదేళ్ల ఆమె మీకంటే ముందు లేచి నిలబడింది.

ఆ దాగ్నీ అమ్మగారే నిన్న మెట్ల మీద నన్ను ఆపింది. "ఇద్దరూ ఒకే మెట్లెక్కుతూ తలుపు కింద ఉత్తరాలు తోసుకుంటారేంటయ్యా? బళ్లు మార్చుకుని రెండు వారాలు నడిపి చూడండి. ఏది పనికొస్తుందో అప్పుడు తెలుస్తుంది. నాకూ ఈ కాగితాల గోల తప్పుతుంది" అంది.

నేను సిద్ధం. సోమవారం తాళంచెవులు మార్చుకుందాం. ఇరవై రెండో తారీఖు ఆదివారం ఆరింటికి సంఘం సర్వసభ్య సమావేశం. అక్కడ అందరి ముందూ తేల్చుకుందాం.

ఇట్లు,
ఆర్నుల్ఫ్

తా.క.: నా బండి ఎక్కడానికి మీకు నిచ్చెన అవసరం లేదు. నాకు లేనిది మీకున్నది ఆ పొడుగొక్కటే కాబట్టి గర్వపడండి.

*

సెప్టెంబరు 17

శ్రీ ఆర్నుల్ఫ్ గారికి,

మీ బండిని ఎనిమిది రోజులు నడిపాను. నిష్పక్షపాతంగా రాస్తున్నాను. ఇది ఆఫీసుకు పనికిరాని బండి.

దీని మీద కూర్చుంటే మనిషి నిటారుగా ఉంటాడు. అలవాటు లేని పని. ఎదుటి అద్దం పెద్దది కావడంతో వాన ఛాతీకి తగలదు. బెర్గెన్‌లో పుట్టినవాడికి వానతో సంబంధం తెగిపోవడం మంచిది కాదు. సొరంగం బయట గుంతలున్న చోట నాకు రోజూ పళ్లు కదిలేవి, ఇప్పుడు గుంత ఉందో లేదో కూడా తెలియడం లేదు. ఇది ప్రమాదకరం. నడుంనొప్పి నాలుగో రోజుకే పోయింది. పదేళ్లుగా ఉన్న నొప్పి చెప్పాపెట్టకుండా పోయిందంటే లోపల ఏదో తేడా ఉందనే అనుమానిస్తున్నాను.

ఈ లోపాలన్నీ పూర్తిగా పరిశీలించాలంటే మరికొన్ని రోజులు పడుతుంది. తొందరలేదు.

ఇట్లు,
ఒడ్వార్

తా.క.: పెట్టెలు ఊడదీసి మీ గుమ్మం ముందు పెట్టాను. లోపల ఒక యాపిల్ ఉంది. దాని వయసు నేను చెప్పలేను.

*

సెప్టెంబరు 18

శ్రీ ఒడ్వార్ గారికి,

పొద్దున తలుపు తీసి నా పెట్టెలకే తట్టుకుని పడ్డాను. పరాయి సొత్తును ఊడదీసి గుమ్మంలో పారేయడం అవమానమే. పైగా హ్యాండిల్ పైకి లేపారు. క్లచ్ మీ చేతికి తగ్గట్టు తిప్పారు. ఆదివారం మీరు రేవుగోడ మీద ఎక్కి నా బండికి అన్ని వైపులా ఫోటోలు తీస్తుండగా కిటికీలోంచి చూశాను. అమ్మకానికి పెడుతున్నారా? సూటిగా చెప్పండి.

మీ బండి సంగతా? ఘోరం. రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనుతాయి. సిగ్నల్ దగ్గర నిలబడటంలో ఇక సాహసమేముంది? తొమ్మిది నిమిషాలు ముందే ఆఫీసు చేరుతున్నాను, అక్కడ చేయడానికి పనేమీ లేదు. దాంతో మళ్లీ బయల్దేరి చెరువు చుట్టూ ఒక రౌండు వేసి రావాల్సి వస్తోంది. కొన్నిరోజులు రెండు. వెనక మడ్‌గార్డు సరిగా లేక వీపు మీద నడుం నుంచి మెడదాకా బురదగీత పడుతోంది. రికార్డుల గదిలో పనిచేసే ఆవిడ "కొత్త బండా? నీకు భలే నప్పింది" అంది. ఎంత బాధపడ్డానో మాటల్లో చెప్పలేను. ఆవిడ మళ్లీ అంటుందేమోనని రోజూ అటువైపు నుంచే వెళుతున్నాను.

నాకూ మరికొన్ని రోజులు కావాలి.

ఇట్లు,
ఆర్నుల్ఫ్

తా.క.: ఆ యాపిల్ నాది కాదు.

*

సెప్టెంబరు 20

శ్రీ ఆర్నుల్ఫ్ గారికి,

పొరుగువాడి బండిని అంత శ్రద్ధగా తుడిచేవాణ్ణి నేనింతవరకు చూడలేదు. నిన్న నా ఎర్రబండిలో నా మొహం కనిపించింది. అలా తుడిచారంటే ఏదో గీత దాస్తున్నారన్నమాట. ఎక్కడ గుద్దారు? దాని సీటు మీద మెత్తటి గుడ్డ కప్పి "ముట్టుకోవద్దు" అని చీటీ కూడా పెట్టారు. ముట్టుకోవద్దని ఎవరికి? నాకా?

అమ్మకం మాట మీ నోట వచ్చింది కాబట్టి మీ మనసులో ఏముందో అర్థమైంది. ఆదివారం ఆరింటికి సమావేశంలో తాళంచెవి అందరి ముందూ నా చేతిలో పెట్టండి. మీది మీకిచ్చేస్తాను. ఆ తర్వాత మీరెవరో నేనెవరో.

ఇట్లు,
ఒడ్వార్

తా.క.: సూటిగా చెప్పమన్నారు కదా, అమ్మకానికి పెట్టడం లేదు.

*

సెప్టెంబరు 20, సాయంత్రం

ఒడ్వార్ గారికి,

అలాగే. ఆరింటికి.

ఆర్నుల్ఫ్

*

సెప్టెంబరు 24

ఆర్నుల్ఫ్‌కు,

ఇది ఎదురుగా చెప్పాల్సిన మాటే. కానీ ఎదురుగా ఉంటే మనిద్దరం వాన గురించే మాట్లాడతాం. ఆదివారం అదే జరిగింది.

ఆరోజు పొద్దున నేను బయల్దేరింది చివరిసారి ఒక చుట్టు చుట్టి నీ బండి నీకు ఇచ్చేద్దామనే. ఊరు దాటాక చేతులు వెనక్కి తిప్పమంటే తిప్పలేదు. అలా హార్డాంగర్ దారిలో ఫెర్రీ రేవు దాకా వచ్చేశాను. చూస్తే అక్కడ నా ఎర్రబండి. పక్కన గోడ మీద నువ్వు, కాళ్లు ఊపుకుంటూ, గోధుమరంగు జున్ను వేసిన వాఫెల్ తింటూ. పట్టుబడ్డ దొంగ మొహం పెట్టావు. నా మొహం కూడా అలాగే ఉండుంటుంది.

"వాన తగ్గింది" అన్నావు.

"తగ్గింది" అన్నాను. అప్పటికి చినుకులు పడుతూనే ఉన్నాయి.

"ఆరింటికి మీటింగు కదా" అని గుర్తుచేశాను. నువ్వు సగం వాఫెల్ తుంచి నా చేతిలో పెట్టి, "నేను లేకుండా మొదలుపెట్టరులే, అధ్యక్షుణ్ణి" అన్నావు. మూడు ఫెర్రీలు వచ్చి వెళ్లాయి. ఎక్కే పని ఇద్దరికీ లేదు. వెళ్లేటప్పుడు తాళంచెవులు మార్చుకుందామని ఇద్దరం జేబులో చెయ్యి పెట్టాం. ఇద్దరం జేబురుమాలు తీశాం.

వెనక్కి వచ్చేసరికి ఏడున్నర. దాగ్నీ అమ్మగారు మెట్ల మీద నిలబడి ఏమందో నువ్వూ విన్నావు. "అధ్యక్షుడు రాలేదు కాబట్టి నన్ను ఎన్నుకున్నారు. షెడ్డులో మా ఆయన చెక్కపడవ పెడుతున్నా. మీ బళ్లు తడిస్తే మీరు తుడుచుకోగలరు, అది తుడుచుకోలేదు" అంది.

ఆ రాత్రి గోడ పక్కన రెండు బళ్లూ తడుస్తుంటే పైనుంచి చూశాను. షెడ్డు పోయినందుకు నాకేమీ అనిపించలేదు. పొద్దున్నే నీ బండి తాళంచెవి నీకిచ్చి, ఆ వంగుడుబండి ఎక్కి, నీతో మాటలు లేకుండా ల్యాబుకు వెళ్లాలన్న ఆలోచనకే నడుం పట్టేసింది.

అందుకని నిన్న రవాణా కార్యాలయానికి వెళ్లాను. దాచడమెందుకు, నీ బండి నడిపిన మూడో రోజునే, పదకొండో తారీఖున, బళ్లు ఒకరి పేరు నుంచి ఒకరికి మార్చమని ఒక కాగితం నింపి అక్కడ ఇచ్చి ఉంచాను. నీ సంతకం లేక ఆగిపోయింది. దాన్ని వెనక్కి తీసుకుని నీ దగ్గరకు తెద్దామని వెళ్లాను. కౌంటర్లో అమ్మాయి లోపలికి వెళ్లి రెండు కాగితాలు తెచ్చింది.

"ఒకదాని మీద ఆయన సంతకం లేదు, ఇంకోదాని మీద మీది లేదు. మీరిద్దరూ ఎదురెదురు ఊళ్లలో ఉంటారా?" అని అడిగింది.

"ఎదురెదురు కాదు, పైనా కిందా" అన్నాను.

నీ కాగితం మీద తేదీ పదమూడు. అంటే "ఘోరం" అని నాకు ఉత్తరం రాయడానికి ఐదు రోజుల ముందు. కోప్పడదామనుకున్నాను. నాది నీకంటే రెండు రోజులు ముందుదని గుర్తొచ్చి మానుకున్నాను.

నీ కాగితం మీద సంతకం చేసేశాను. నాది దీంతో జత చేస్తున్నాను. సంతకం చేసి పైకి తెచ్చివ్వు. తలుపు కింద తోయకు, కొట్టు. చేపకేకులు వేయిస్తున్నాను.

నీ,
ఒడ్వార్

తా.క.: కాగితంలో "మార్పుకు కారణం" అని ఒక గడి ఉంది, చూశావు కదా. నువ్వు "పొరుగువాడి బాధ చూడలేక" అని రాశావు. కౌంటర్లో అమ్మాయి అది గట్టిగా చదివి, తర్వాత నాది తీసి చదివింది. అక్షరం పొల్లుపోకుండా అదే మాట. ఎవరు ఎవరిది చూసి రాశారని అడిగింది. నువ్వే చూసి రాశావని చెప్పాను.