చంటిదాని టీకాల కార్డు

అమ్మా,
నేను కులాసా, దిగులు పడకు. మా కుట్టు ఫ్యాక్టరీ పిల్లల గదిలో మన చంటిదానికి చోటు దొరికింది. ఒకటో తారీఖున తెచ్చుకోవచ్చు. కానీ ఆయా టీకాల కార్డు తిరగేసి, "తొమ్మిదో నెల సూది గడి ఖాళీగా ఉందేంటి? అది నిండందే గడప దాటనివ్వం" అంది. తప్పు నాదే. దాన్ని నీ దగ్గర వదిలి వచ్చేటప్పుడు దాని గౌనుతో పాటు కార్డూ పెట్టెలో పెట్టేసుకున్నాను. రోజూ అందులో దాని బరువులు చదువుకుంటున్నాను.

కార్డు వేరే కవర్లో పంపుతున్నా. సూది వేయించి, నర్సమ్మ చేత తేదీ రాయించు. దాని దగ్గు తగ్గిందా? నీ మోకాలికి నూనె రాస్తున్నావా? నాన్నకు నమస్కారాలు, తమ్ముడికి దీవెనలు.

కాగితంలో ఇక చోటు లేదు. సూది గుచ్చగానే "అమ్మా" అని ఏడుస్తుంది కదా, అప్పుడు ఎవరి వైపు చూసిందో మాత్రం నాకు రాయకు.