శంకర్‌పల్లి దాకా, ఊరికే

మాదాపూర్,
18-11-1998, బుధవారం.

గౌరవనీయులైన మావారికి,

ప్రభువు నామంలో వందనాలతో మీ దీవెన రాయునది. ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి ఆగాను. ఉన్నది నేనొక్కదాన్నే కదా. నేను క్షేమం. మీరూ, మీ క్యాంపులో వాళ్ళందరూ క్షేమంగా ఉండాలని రోజూ ప్రార్థనలో అడుగుతున్నాను.

మీ ఉత్తరం సోమవారం అందింది. ముందు తేలికైన వాటికి జవాబు రాస్తాను. గోడ బీట ఇంకో జానెడు పెరిగింది. ఇంటాయన నర్సయ్యగారు దాని మీద సున్నం పూసి, "ఏం కాదమ్మా, ఫికర్ చెయ్యకు. రాయి మీద కట్టిన ఇల్లు ఇది" అన్నారు. కొత్త మేడల కోసం ఆ రాయినే కదండీ రోజూ పేలుస్తున్నది! పన్నెండింటికొకసారి, నాలుగింటికొకసారి ఈల వేస్తారు. అందరం బయటికొచ్చి నిలబడతాం. మందు పేలాక లోపలికి వెళ్తాం. కంప్యూటర్ కంపెనీల గుండ్రటి మేడకి అద్దాలు బిగించడం అయిపోయింది. నీళ్ళు రోజు విడిచి రోజు వస్తున్నాయి. మీ కాలి పుండు సంగతి పక్కగది గ్రేస్ అక్కతో చెప్పాను. నర్సు కదా, పూసుకోవాల్సిన మందు పేరు రాసిచ్చింది. ఆ చీటీ ఇందులో పెట్టాను. తడి బూట్లు వేసుకోవద్దంది.

ఇక మిగిలింది మీ చివరి ప్రశ్న. దానికి జవాబు రాయబోయి రెండు కాగితాలు చింపేశాను.

మీ బావగారు, జాన్సన్ అన్నయ్య, మీకు రాసింది నిజమే. వాళ్ళ కంపెనీ లారీ డ్రైవరు నన్ను శంకర్‌పల్లి రైలు గేటు దగ్గర చూశాడు. మీ సైకిలు మీద, పంజాబీ డ్రెస్సులో, ఒక్కదాన్నే. అన్నీ నిజమే. "ఎవరి కోసం వెళ్ళావు?" అని అడిగారు. ఆదివారం జాన్సన్ అన్నయ్య జీడిమెట్ల నించి వచ్చి సైకిలు తీసుకెళ్తాడు, తాళంచెవి ఇచ్చెయ్యమని రాశారు. ఆ ప్రశ్న కింద గీత గీశారు. అక్కడ కాగితం చిరిగింది.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

మీ ఉత్తరాల మీద పది రోజులకోసారి ఊరి పేరు మారుతుంది. కేబుల్ కోసం కందకం తవ్వుకుంటూ హుబ్లీ అంటారు, ధార్వాడ అంటారు, బెల్గాం అంటారు. నేను ఈ గదిలో ఈలకీ ఈలకీ మధ్య కూర్చుంటాను. బియ్యం ఏరినవే మళ్ళీ ఏరుతాను. కిందటి నెలంతా కాళ్ళల్లో ఏదో పాకుతున్నట్టుండేది. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటు వెళ్ళాలో తెలిసేది కాదు. గ్రేస్ అక్కతో చెబితే, "రక్తం తక్కువై ఉంటుంది, బెల్లం తిను" అంది. తిన్నాను. తగ్గలేదు.

అక్టోబరు ఇరవై ఏడు, మంగళవారం పొద్దున్నే మీ సైకిలు తుడుస్తున్నాను. తుడుస్తూ తుడుస్తూ సీటు కిందికి దించాను. ఎందుకు దించానో అడిగితే చెప్పలేను. చీరతో బారు మీదుగా ఎక్కలేక గ్రేస్ అక్క డ్రెస్సు అడిగి వేసుకున్నాను. మార్కెట్టుకని చెప్పాను. అదొక అబద్ధం.

సందు చివర దాకా అనుకున్నాను. తర్వాత గచ్చిబౌలి దాకా అనుకున్నాను. నార్సింగి వచ్చేసరికి అనుకోవడం మానేశాను. గండిపేట చెరువు పక్కన గాలి ఎంత తోసిందంటే పెడలు తొక్కకుండానే బండి వెళ్ళింది. ఆ తర్వాత కంది చేలు, పసుపు పూతతో. ఏడో తరగతి దాకా బడికి సైకిలు తొక్కాను గానీ, అది పంట కాలవ గట్టు మీద, ఎప్పుడూ ఒకే దారి. ఇక్కడ ఒక మెట్ట ఎక్కితే అవతల ఏముంటుందో తెలియదు. తెలియదు కాబట్టి ఎక్కడం. కిలోమీటరు రాళ్ళు లెక్కపెడుతూ వెళ్ళాను. ముప్పై దాటాక శంకర్‌పల్లి గేటు వేసి ఉంది. గూడ్సు బండి వెళ్ళేదాకా నిలబడి చూశాను. ఆ డ్రైవరు చూసింది అప్పుడే అయ్యుంటుంది. అక్కణ్ణించి వెనక్కి తిరిగాను.

రెండింటప్పుడు దాహం వేసి, రోడ్డు పక్క బోరు దగ్గర ఆగాను. ఆ చేను లింగయ్య అనే పెద్దాయనది. నీళ్ళు తాగనిచ్చి అడిగాడు.

"యాడికెల్లి వస్తున్నవ్ బిడ్డా?"

"మాదాపూర్ నించండి."

"గంత దూరమా! యాడికి పోయినవ్?"

"ఊరికేనండి."

"ఏ ఊరికే?"

"ఏ ఊరికీ కాదండి. ఊరికే."

"గదే అడుగుతున్న. ఊరికే పోయినవ్, మంచిగుంది. ఏ ఊరు?"

పని లేకుండా వెళ్ళడాన్ని వాళ్ళు 'ఊకె' అంటారట. అది నాకప్పుడు తెలియదు. ఆయన నా చెమటనీ, వేరేవాళ్ళ డ్రెస్సునీ చూసి తల ఊపాడు.

"అలిగి తల్లిగారి ఊరికి ఎల్లినవ్. సమజైంది. మొగడు కొట్టిండా?"

"అయ్యో, లేదండి."

"తాగుతడా?"

"లేదండి. మేం చర్చికి వెళ్తాం."

"చర్చికి పోయేటోళ్ళు తాగరా? మా ఊర్ల ఇద్దరున్నరు." సైకిలు హ్యాండిలు పట్టుకున్నాడు. "ఒక్కదాన్ని పోనియ్య. బస్సు కండక్టరుతోని మీ ఆయనకు కబురు పంపుత, వచ్చి తోలుకపోతడు. ఆయన పేరేంది?"

నేను నోరు తెరిచాను. మాట రాలేదు. లోపల్నించి ఆయన భార్య జొన్నరొట్టె పట్టుకుని వచ్చింది.

"పెనిమిటి పేరు జెప్తరా ఆడోళ్ళు? గంత గూడ ఎర్కలేదా నీకు?" అని ఆయన్ని కసిరి, నా వైపు తిరిగింది. "ఊకెనే పోయినవా బిడ్డా?"

"అవునండి. గేటు దాకా వెళ్ళి వచ్చేస్తున్నాను."

"ఆడ ఏం జూసినవ్?"

"గూడ్సు బండి వెళ్ళిందండి. పెట్టెలు లెక్కపెట్టాను. నలభై రెండు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఇన్నవా? గూడ్సు జూడనీకి పోయిందట! నాకు తొక్కనీకొస్తే నేను గూడ పోదును."

"నువ్వు పోతే అన్నమెవలు వండుతరు?"

"నీకు చేతుల్లేవా?" అని ఆయన చెయ్యి హ్యాండిలు మీంచి తీసేసింది. "పో బిడ్డా. ఈయన మాటలతోనే పొద్దు గూకుతది. పైలం."

రొట్టె ఉల్లిపాయతో తిని బయల్దేరాను. వెళ్ళేటప్పుడు తోసిన గాలి ఇప్పుడు ఎదురు కొట్టింది. నార్సింగి దాటాక ఎత్తు దగ్గర దిగి నడిపించుకుంటూ వచ్చాను. దీపాలు పెట్టే వేళకి గదిలో ఉన్నాను. ఆ రోజు రెండు ఈలలూ నేను వినలేదు.

ఎవరి కోసమూ వెళ్ళలేదు. మీరు బైబిలు మీద చెయ్యి పెట్టమంటే పెట్టి చెబుతాను. కానీ తప్పు చేయలేదని మాత్రం రాయలేను. అది రాయలేకే ఆ రెండు కాగితాలూ చింపింది.

లింగయ్యగారు మీ పేరు అడిగినప్పుడు నేను సిగ్గుపడ్డానని వాళ్ళిద్దరూ అనుకున్నారు. సిగ్గు కాదండి. మనసులోనైనా పలుకుతాం కదా, అలా పలకబోతే మీ పేరు రాలేదు. కాసేపే. రొట్టె చేతిలో పెట్టేసరికి మోషే అని గుర్తొచ్చింది. కానీ ఆ కాసేపు రాలేదు. పొద్దున్నించి మిమ్మల్ని ఒక్కసారైనా తలుచుకోలేదని అప్పుడు తెలిసింది. మిమ్మల్నే కాదు, మా అమ్మనీ తలుచుకోలేదు, వండాలనీ ఉతకాలనీ తలుచుకోలేదు. నేను ఫలానా వాళ్ళ దాన్నని కూడా గుర్తులేదు. తొక్కుతున్నానని మాత్రమే ఉంది. మీరు వేరే ఎవరో ఉన్నారని అనుమానపడ్డారు. ఆ దారిలో ఎవరూ లేరండి, మీరు కూడా లేరు. నేను చేసిన తప్పు అది.

ఏడ్చాను. కానీ ఆ రోజు నించి కాళ్ళల్లో పాకడం లేదు. బెల్లం కూడా మానేశాను.

జాన్సన్ అన్నయ్య ఎదురుగా నిలబడి ఇవ్వనని చెప్పే నోరు నాకు లేదు. మీ దగ్గరా లేదు, అందుకే రాస్తున్నాను. ఆదివారం పొద్దుటి ఆరాధన అవగానే అటునించి అటే సైకిలు మీద చేవెళ్ళ వైపు వెళ్తాను. అన్నయ్య వచ్చేసరికి గదికి తాళం ఉంటుంది. ఆయన కోసం అన్నం, చేపల పులుసు గ్రేస్ అక్క దగ్గర పెట్టి వెళ్తాను. చీకటి పడకముందే తిరిగొస్తాను. ఇంకొకరి ద్వారా మీకు తెలియకూడదని ముందే చెబుతున్నాను.

ఈ ఉత్తరం చేరేసరికి అది కూడా అయిపోయి ఉంటుంది. కోపం వస్తే రాయండి, చదువుకుంటాను. నమ్మితే నమ్మానని ఒక్క ముక్క రాయండి. సైకిలు మీది, కాదనను. తాళంచెవి కావాలంటే మీరే వచ్చి అడగండి, మీ చేతిలో పెడతాను. ఇంకెవరి చేతిలోనూ పెట్టను.

పుండుకి మందు మరిచిపోకండి.

ఇట్లు,
మీ భార్య
దీవెన