అత్తయ్య పడవకి మెత్తలు

చిరంజీవి మేనల్లుడికి అత్తయ్య ఆశీస్సులు.

ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. అంటే నేను బాగున్నాను, మీ మామయ్య కుర్చీలో ఉన్నారు. చూపు మసకబారి పడవ నడపడం మానేసిన దగ్గర్నుంచి ఆ కుర్చీ, ఆ కిటికీ తప్ప ఆయనకి వేరే లోకం లేదు. పడవేమో పెరట్లో దిమ్మల మీద పడి ఉంది. ఎండకి వెలిసిపోయింది, చెయ్యి వేస్తే సున్నం గోడకి ఆనుకున్నట్టు తెల్లగా అంటుతోంది. దాన్ని మళ్ళీ పడవలా చెయ్యాలని నా పట్టుదల. మిగతా సరంజామా తన దగ్గరుందనీ, మెత్తలు మాత్రం మనమే కొనుక్కోవాలనీ పక్కింటి మెకానిక్ అన్నాడు. నువ్వు పనిచేసేది పడవ సామాన్ల దుకాణమే కదా, మంచివి చూసి పంపు.

ఫోన్ చెయ్యకు. మీ మామయ్యకి చూపు తగ్గింది గానీ చెవులు పక్కవీధి దాకా పనిచేస్తున్నాయి. ఉత్తరమైతే చదవలేరు.

ఉంటాను,
అత్తయ్య

తా.క.: బాగా మెత్తనివే పంపు. పడవకి వయసైపోయింది, గట్టివాటికి ఓర్చుకోలేదు.

*

అత్తయ్యకి మేనల్లుడి నమస్కారాలు.

మెత్తలు పార్సిల్ చేశాను. నీలం గుడ్డ మీద పసుపు పూలు. తడిసినా పాడుకావు. బల్లలకి కట్టుకోవడానికి తాళ్ళు కూడా ఉన్నాయి. మామయ్యని మళ్ళీ పడవ ఎక్కిస్తావన్న ఆశతో ఆయనకి ఒకటి లావుపాటిది పెట్టాను.

నీ
మేనల్లుడు

తా.క.: మెత్తనివే కావాలన్నావని ఒక్కోదాని మీదా కూర్చుని చూశాను. నేను కూర్చోవడం మా యజమాని చూశాడు.

*

చిరంజీవి మేనల్లుడికి,

మెత్తలు అందాయి. మెకానిక్ ఒకదాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, దానిమీద కూర్చుని కాసేపు నవ్వుకున్నాడు. నాయనా, నేనడిగింది కూర్చునే మెత్తలు కాదు. గిర్రున తిరిగే మిషన్‌కి తగిలించి పడవకి మెరుగు పెట్టే మెత్తలు. ఆ మాట రాయకపోవడం నా పొరపాటే అనుకో.

లావుపాటిది మీ మామయ్యకి తెగ నచ్చింది. అదీ నా ఖర్మ. ఇన్నాళ్ళూ కుర్చీ గట్టిగా ఉందని అప్పుడప్పుడూ లేచేవారు. ఇప్పుడు ఆ అవసరమూ లేదు.

ఈసారైనా త్వరగా పంపు. వచ్చే నెల ఒకాయన పడవ చూడ్డానికి వస్తున్నాడు. ముక్కు నుంచి తోక దాకా చూస్తాడట. ఇలా బూడిద పూసుకున్నట్టు ఉంటే నాకు తలవంపులు.

మీ
అత్తయ్య

తా.క.: ఆయన వస్తున్న సంగతి మీ మామయ్యకి చెప్పలేదు. తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తారు.

*

అత్తయ్యకి నమస్కారాలు.

ఈసారి అసలైనవే పంపుతున్నాను. ఉన్నితో చేసింది ముందు వాడాలి. తెల్లడబ్బాలో ముద్ద రాసి దాంతో తిప్పితే వెలిసిన పొర పోతుంది. ఆ తర్వాత పసుపు స్పాంజి, ఎర్రడబ్బా. అప్పుడు మెరుపు వస్తుంది. నల్ల స్పాంజి అన్నిటికంటే మెత్తనిది, అది చివర్లో మైనం పట్టించడానికి. దేన్నీ అదమకు, ఒక్కచోటే ఆపకు, వేడెక్కి మచ్చ పడుతుంది. ముందు ఓ మూల రుద్ది చూసుకో.

అత్తయ్యా, ఆ చూడ్డానికి వచ్చేదెవరు? పడవ అమ్మేస్తున్నావా? నాకు ఈత వచ్చింది ఆ పడవ అంచు పట్టుకునే. మునిగిపోతానని నేను ఏడుస్తుంటే మామయ్య పైనుంచి జుట్టు పట్టుకుని పాటలు పాడేవారు. నిజం చెప్పు.

నీ
మేనల్లుడు

తా.క.: మైనం డబ్బా మా దుకాణంలో అయిపోయింది. అక్కడే కొనుక్కో.

*

చిరంజీవి మేనల్లుడికి,

ఉన్ని మెత్త వచ్చిన రోజే మాయమైంది. వెతగ్గా వెతగ్గా మీ మామయ్య తలమీద దొరికింది. చెవులకి వెచ్చగా ఉందట. దాన్ని విడిపించుకోవడానికి ఆయనకి వేరే టోపీ కొన్నాను.

తర్వాత మైనం. నువ్వు కొనుక్కోమన్నావని అంగట్లో ఉన్న కొవ్వొత్తులన్నీ కొని, కరిగించి పూశాను. మూల చూసుకోమన్నావు కాబట్టి మూలే పాడైంది, ఆ మాట రాసి పుణ్యం కట్టుకున్నావు. నల్ల మెత్త మాత్రం రాయిలా బిగుసుకుపోయింది. పడవ మైనం వేరే ఉంటుందని ముందే చెప్పొద్దా? అదీ, ఇంకో మెత్తా పంపు.

అమ్ముతున్నావా అని అడిగావు. అంతా అయ్యేదాకా నోరు విప్పకూడదనుకున్నాను. ఇంతమాత్రం చెబుతాను. ఆ వచ్చే పెద్దమనిషి కాగితాల మీద సంతకం పెట్టాడంటే, ఆ పడవ ఇక మీ మామయ్య చేతిలో ఉండదు.

మీ
అత్తయ్య

తా.క.: కొవ్వొత్తుల అంగడివాడు మా వీధిలో కరెంటు తీసేస్తారేమోనని అందరికీ చెప్పాడు. ఊళ్ళో టార్చిలైట్లు కూడా అయిపోయాయి.

*

గౌరవనీయులైన అత్తయ్యగారికి,

మీ ఉత్తరం అందింది. మైనం డబ్బా, మెత్త ఒకటి పంపుతున్నాను. ఈ మెత్త కాస్త గరుగ్గా ఉందని కంగారుపడకండి. ఇంతకంటే తగినది మా దుకాణంలో లేదు. పడవంతా దీంతోనే రుద్దండి.

ఇట్లు,
మీ మేనల్లుడు

తా.క.: ఎంత అదిమితే అంత మంచిది.

*

చిరంజీవి, బహు గడుసువాడైన మేనల్లుడికి,

నువ్వు 'గారు' తగిలించినప్పుడే నేను అనుమానించాల్సింది. నీ మాట నమ్మి అదిమి రుద్దాను. తుడిచి చూద్దును కదా, పడవ ఒక పక్కంతా గీతలే. మిషన్ పక్కన పడేసి, అక్కడే మట్టిలో కూలబడి ఏడ్చాను.

ఆ ఏడుపు మీ మామయ్యకి వినిపించింది. కుర్చీలోంచి లేచి, గోడ పట్టుకుని, నేను పిలవకుండానే పెరట్లోకి వచ్చారు. పడవ మీద అరచెయ్యి వేసి ఆ చివర నుంచి ఈ చివరకి నడిచారు. తర్వాత మిషన్ తడుముకుని, మెత్త ఊడదీసి, వేళ్ళతో చూశారు.

"ఇది పాత రంగు గీకేసేది. వాడికి తెలియక కాదు, తెలిసే పంపాడు. వాడికేం చెప్పావు?" అన్నారు.

ఇక దాచలేక అంతా చెప్పాను. వచ్చేది పడవ కొనేవాడు కాదు, లైసెన్సులిచ్చే ఇన్‌స్పెక్టరు. కూరగాయలకని వెళ్ళిన రోజులన్నీ నేను మెకానిక్ బావమరిది పడవలో నడపడం నేర్చుకుంటున్నాను. ఆ ఇన్‌స్పెక్టరు సంతకం పెడితే పడవ నా చేతికి వస్తుంది.

మీ మామయ్య అరుస్తారని చూశాను. ఆయనేమో, "చుక్కాని పిడి కుడికి తోస్తే ముక్కు ఎటు తిరుగుతుంది?" అన్నారు. ఎడమకి అన్నాను. "ఆ మిషన్ ఇటివ్వు. గీతలు పైపైనే ఉన్నాయి" అన్నారు.

ఆ రోజు నుంచి కుర్చీ ఖాళీ. ఉన్ని మెత్తతో ఆయన తిప్పడం, మిషన్ ఎక్కడికి వెళ్తోందో నేను చెప్పడం. ఇక్కడ ఇంకా గరుగ్గా ఉందని ఆయన చెయ్యి చెప్పేది, అక్కడ మచ్చ ఉందని నా కన్ను చెప్పేది. రోజూ పోట్లాడుకున్నాం. ఎన్నాళ్ళకో మా ఇంట్లో మనుషులున్నట్టు అనిపించింది. నల్ల మెత్తని వేడినీళ్ళలో నానబెట్టి బతికించి, మైనం పట్టించాం. ఇన్‌స్పెక్టరు వచ్చి, పడవ పక్కన వంగి, ముందు తన జుట్టు సర్దుకుని తర్వాత పరీక్ష మొదలుపెట్టాడు. ఒకసారి రేవుని గుద్దాను. రేవు మరీ ముందుకి కట్టారని ఆయనే అన్నాడు. సంతకం పెట్టాడు.

నిన్నటి నుంచి అవతలి ఒడ్డు ఆసుపత్రికి నర్సులని దాటిస్తున్నాం. మీ మామయ్య నా పక్కన కూర్చుని ఇంజను చప్పుడు వింటూ, ఎప్పుడు తగ్గించాలో చెబుతున్నారు. ఆ చెవులకి ఇన్నాళ్ళకి తగిన ఉద్యోగం దొరికింది.

నీ మీద కోపం లేదు. నువ్వు మంచి మెత్త పంపి ఉంటే నేనొక్కదాన్నే రుద్దుకునేదాన్ని.

ఒకసారి వచ్చి పడవ ఎక్కు.

మీ
అత్తయ్య

తా.క.: ఈ ఉదయం ఒడ్డు మీద నుంచి ఎవరో "డ్రైవరుగారూ, ఆగండి" అని పిలిచారు. ఇద్దరం తిరిగి చూశాం.