కస్తూరి కన్నా ముందు

జనవరి 19, 1981 – సోమవారం

పేరు ఇచ్చేశాను. చంద్రగిరి కోట నుంచి మా కాలేజీ మైదానం దాకా ఏడు మైళ్ళు. ఆడపిల్లల పరుగుపందెం. వచ్చే నెల ఇరవై రెండున. డ్రిల్లు మేడం మూడుసార్లు అడిగారు, "నిజంగానే పరిగెత్తుతావా?" అని. అమ్మ బుగ్గలు నొక్కుకుంది – "బస్సులుండంగా చంద్రగిరి నుంచి పరిగెత్తేదేందిమే? ఎవురన్నా తరుముతా ఉండారా?" నాయన మాత్రం నవ్వి, సాయంత్రం కేన్వాసు బూట్లు తెచ్చాడు. 

నా బతుక్కి ఇంతవరకూ నాదంటూ ఒక్కటి లేదు. పాటంటే మేరీ. మార్కులంటే ఇంకెవరో. ఇదొక్కటి నాది కావాలి.

జనవరి 21 – బుధవారం

మేరీ రోజూ సైకిలు మీద వెంట వస్తుందట, సీసాలో నిమ్మకాయ నీళ్ళు పెట్టుకుని. కస్తూరి – "ఒక్కదానివే పరిగెత్తితే తోచదు గదమే, నేనూ వస్తా తోడుకి" అంది. ప్రాణం లేచొచ్చింది. స్నేహితురాళ్ళంటే ఇట్లా ఉండాలి.

జనవరి 28 – బుధవారం

పొద్దున్నే అలిపిరి దాకా పోయి వచ్చాం. నేను బూట్లతో. కస్తూరి ఉత్తకాళ్ళతో. దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంది – వాళ్ళ అవ్వ పెంచుకున్న కోడిని పిల్లి ఎత్తుకుపోవడం, అవ్వ చీపురు తీసుకుని వీధంతా దాన్ని తరమడం, ఎదురింటావిడతో తగువు... కథంతా చెప్పింది. నాకు ఊ కొట్టడానికి కూడా ఊపిరి చాల్లేదు.

చెమట అయినా పట్టలేదు దానికి.

ఫిబ్రవరి 3 – మంగళవారం

అనుకున్నంతా అయింది. డ్రిల్లు మేడం కస్తూరి పరుగు చూశారు. "కస్తూరీ, నువ్వూ పేరివ్వాలి" అన్నారు. అది నా వైపు తిరిగి, "ఇయ్యనామే?" అంది. నన్నడగడం ఎందుకు? అడిగితే నేనేమనాలి? 

"ఇయ్యి, దానికేం" అన్నాను. ఏడవలేక నవ్వాను.

ఫిబ్రవరి 4

దానికేం అట! నా నాలుకకు వాత పెట్టాలి.

ఫిబ్రవరి 9 – సోమవారం

మేరీ సైకిలు ఇప్పుడు కస్తూరి పక్కనే పోతోంది. నేను వెనక. ఇవాళ మేరీ వెనక్కి తిరిగి అరుస్తోంది – "బిన్నా రామే, ఎనకబడిపోతా ఉండావు! సూడు దీన్ని, నేల తాకతా ఉండాదా అసలు?" నేను చూడకపోవడమేం, నాకు కనిపించేదే దాని వీపు.

అది నాకు మెళకువలు కూడా చెబుతోంది. "చేతులు బిగబట్టుకోబాకమే. వదులుగా ఇడువు. ఊపిరి ముక్కుతో తీసుకో." చెప్పినట్టు చేశాను. నిజంగానే తేలికైంది. దాంతో ఇంకా మండింది నాకు.

మధ్యాహ్నం ఇంటికొస్తే అమ్మ దానికి కొసరి కొసరి పెట్టింది. సంగటిలోకి చెనక్కాయల ఊరిబిండి అంటే దానికి ఇష్టమని రోట్లో నూరింది! అది పోయాక, "ఎంత ఒద్దికైన బిడ్డో" అంటోంది. ఎవరి బిడ్డ ఎవరమ్మా? కంచం ఎత్తి పెరట్లో పడేసి వచ్చాను. చప్పుడుకు అమ్మ అదిరిపడింది.

కుళ్ళు. కుళ్ళే ఇది. పేరు మార్చి రాసుకోవడమెందుకు?

ఫిబ్రవరి 15 – ఆదివారం

అలిపిరి దగ్గర తిరుగుముఖం పట్టే ముందు అందరం కొండ వైపు దండం పెడతాం. ఈ ఊళ్ళో పెట్టనిదెవరు? నాది రెండు క్షణాలు. కస్తూరి ఇవాళ ఎంతకీ చేతులు దించలేదు. కళ్ళు మూసుకుంది. పెదాలు కదులుతున్నాయి.

"ఏం మొక్కుకుంటివి?" అన్నాను.

"చెప్పకూడదుమే. తీరకముందు చెప్తే మొక్కు పలించదు."

నవ్వింది. ఇంకేం మొక్కుకుంటుంది? మొదటి బహుమతే. ఉన్న కాళ్ళు చాలక స్వామిని కూడా తన పక్కకు లాక్కుంది.

ఫిబ్రవరి 21 – శనివారం

రేపే.

నేనూ మొక్కుకున్నాను. ఇక్కడ కూడా రాయడానికి సిగ్గుగా ఉంది... రాస్తాను. "స్వామీ, నాకు బహుమతి వద్దు. కస్తూరి నాకన్నా ముందు రాకుండా చూడు, చాలు. మూడు కత్తెర్లు ఇస్తాను." గుండు ఇస్తానని నోటిదాకా వచ్చింది, మింగేశాను. మూడు కత్తెర్లంటే జడ కొసన మూడు కత్తిరింపులు. ఇచ్చినట్టు ఎవరికీ తెలియదు కూడా.

ఎదుటివాడికి రెండు కళ్ళూ పోవాలని తన కన్ను ఒకటి పొడుచుకున్నాడట వెనకటికొకడు. నేను వాడికన్నా గట్టిదాన్ని. కన్ను కూడా ఇవ్వలేదు.

ఫిబ్రవరి 22 – ఆదివారం

రాయాలి. ఇవాళే రాయకపోతే రేపటికి నాకు అనుకూలంగా మార్చేసుకుంటాను.

కోట దగ్గర ఇరవై మందిమి కూడా లేము. చలి. డ్రిల్లు మేడం ఈల ఊదారు. తొండవాడ దాకా నేనూ కస్తూరీ పక్కపక్కనే. అది కావాలనే నాతో ఉంది – "నీ పాటికి నువ్వు రామే, తొందరేం లేదు." నాకు ఆ మాట సూదిలా దిగింది. నాకోసం తగ్గి పరిగెత్తుతోందా? "పో, నీ దారిన నువ్వు పో!" అన్నాను. గట్టిగానే. ఒక్కసారి నా ముఖంలోకి చూసి, ముందుకు పోయింది. చూస్తుండగా ఇరవై అడుగులు... ముప్పై. ఎండ కళ్ళలో పడుతోంది. పేరూరు దాటాం. ముందు ఇద్దరు ఎవరో చిత్తూరు పిల్లలు, తరువాత కస్తూరి, తరువాత నేను.

రోడ్డు వారన కంకర పోసి ఉంది. ఎదురుగా లారీ హారన్ కొట్టుకుంటూ వచ్చింది. కస్తూరి పక్కకు జరిగింది. ఉత్తకాలు కంకర మీద పడి మడత పడింది. కూలబడిపోయింది.

చూశాను. దగ్గరికి వచ్చేశాను. పాదం రెండు చేతులా పట్టుకుని ఉంది, ముఖం తెల్లబోయింది. "పోమే! నిలబడబాక! పో!"

పొమ్మన్నది కాబట్టి పోయానని రాసుకోవచ్చు. కాదు. అది నోరు తెరవకముందే నేను దాన్ని దాటేశాను. ఒక్క అడుగు తగ్గలేదు. లోపల ఒకటే మాట – విన్నాడు, స్వామి విన్నాడు! చివరి రెండు మైళ్ళూ ఆ సంతోషంతోనే పరిగెత్తాను. మేరీ సైకిలు అక్కడే ఆగిపోయింది. నాకు నీళ్ళిచ్చేవాళ్ళు లేరు. అక్కర్లేకపోయింది.

మూడోదాన్ని. చప్పట్లు. మెడలో ఏదో వేశారు.

గంట తరువాత వచ్చారు. మేరీ సైకిలు తోస్తోంది, కస్తూరి వెనక క్యారియర్ మీద. చీలమండ బొప్పాయంత అయింది. గేటు దగ్గర నుంచే కస్తూరి అరుపులు – "మూడోదంట! మూడోదంటమే మనది!" దిగి, ఒంటికాలి మీద కుంటుతూ వచ్చి నన్ను వాటేసుకుంది. ఏడ్చేశాను. సంతోషం పట్టలేక ఏడుస్తోందని అందరూ నవ్వారు.

ఫిబ్రవరి 24 – మంగళవారం

పుత్తూరు పోయాం, ముగ్గురం, బస్సులో. కట్టు కట్టే ఆయన వేళ్ళతో తడిమి, ఇంకేదో మాట్లాడుతూనే ఒక్క లాగు లాగాడు. కస్తూరి నా చెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగాయి. దిగనీ అనుకున్నాను. ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురుబద్దలు, గుడ్డ. "పదైదు దినాలు కాలు మోపబాకమ్మా."

తిరుగుబస్సులో నా భుజం మీద తల పెట్టుకుని, "పోనీలేమే, పందెంలో నువ్వన్నా వచ్చినావు గదా" అంది. చెంప మీద కొట్టినా ఇంతకన్నా బాగుండేది.

మార్చి 14 – శనివారం

కట్టు విప్పేశారు. "కొండకు పోవాల, మొక్కుండాది, నువ్వూ రా" అంది కస్తూరి. ఓడిపోయినదానికి మొక్కేమిటి? అడగలేదు. నా మొక్కు కూడా పనిలో పనిగా చాటుగా తీర్చేసుకోవచ్చనుకున్నాను.

కళ్యాణకట్టలో మంగలి తలెత్తకుండానే అడిగాడు – "గుండా, మూడు కత్తెర్లా?"

"గుండే" అంది.

దాని భుజం పట్టుకున్నాను. "నీకేమన్నా పిచ్చా? గెలవలేదు గదా నువ్వు!"

"నేను గెలవాలని కాదుమే మొక్కుకునింది. నువ్వు నాకన్నా ముందు రావాలని. తీరిపాయ, ఇంక చెప్పొచ్చు." జడ విప్పుకుంటూ చెబుతోంది, మామూలుగా. "మొదట ఆశపడింది నువ్వు. నేను ఊరికే తోడొచ్చినదాన్ని."

"అట్లయితే మెల్లగా పరిగెత్తుంటే సరిపోయేది గదా."

"కావాలని ఎనకబడితే అది నువ్వు గెలిచినట్టా? నీకు తెలీకుండా పోతుందా? నన్ను నరికి పోగులు పెడ్దువు."

తల వంచుకుని కూర్చుంది. నీళ్ళు చల్లారు. కత్తి పెట్టారు. మోకాళ్ళ దాకా వచ్చే జుట్టు.

ఇద్దరం ఒకటే కోరాం. అదే కొండ, అదే కోరిక, మాట కూడా ఇంచుమించు అదే. స్వామికి రెండు మొక్కులుగా వినపడ్డాయో, ఒకటిగానో.

మంగలి నా వైపు చూశాడు. "నీకేందమ్మా?"

"ఏం లేదు" అన్నాను. కత్తిరించుకుంటే, నీ మొక్కేందని కస్తూరి అడుగుతుంది కదా.

మార్చి 16 – సోమవారం

కస్తూరిని చూసి, మొక్కు సంగతి విని అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "పెండ్లి కావాల్సిన పిల్లవి, నా కూతురి కోసరం..." అని గడ్డం పట్టుకుంది. మేరీ అయితే గుండు నిమిరి నిమిరి ముద్దులు పెట్టింది. వాళ్ళ ఏసయ్య ఏమనుకుంటాడో! "తల ఎంత గుండ్రంగా ఉండాదో సూడుమే, ఇంకా కళొచ్చింది." నిజమే. కళ వచ్చింది.

ఓర్వలేకపోయాను. గుండు చూసి కూడా! కాలికి దెబ్బ తగిలించుకుంది, జుట్టు ఇచ్చేసింది, అయినా వీధిలో ఉన్నవాళ్ళందరికీ అదే కావాలి. నేను దాని మంచితనం చూసి కూడా ఏడుస్తున్నాను. ఇంత మంచిగా ఉండమని దీన్ని ఎవరడిగారు?

మార్చి 17 – మంగళవారం

తెల్లవారింది. గేటు దగ్గర కస్తూరి. తలకు తువ్వాలు చుట్టుకుని ఉంది.

"లెయ్యిమే! పరిగెత్తలేను గానీ నడుస్తా. పద, అలిపిరి దాకా పోయొస్తాం."

అలిపిరి. అక్కడ నిలబడి దండం పెట్టాలి, దాని పక్కన.

కిటికీ దగ్గర కూర్చుని ఇది రాస్తున్నాను. వెళితే చెప్పేస్తానేమో. చెప్పేస్తే అది "పోనీలేమే" అంటుంది. అదే నా భయం.

ఇంకా పిలుస్తూనే ఉంది.