మంచినీళ్ళు తాగి బయల్దేరు

నాగపట్నం,
శనివారం ఉదయం

ప్రియమైన గురవమ్మ వదినకు,

ఇది కాగితం మీద రాసి, ఫొటో తీసి మీ శ్రీదివ్య ఫోనుకు పంపుతున్నాను. అదే మీకు చదివి వినిపిస్తుంది. శ్రీదివ్యా, మీ అమ్మకు నచ్చని చోట గొంతు తగ్గించకు.

నేను ఈరోజు శ్రీలంకకు ఓడ ఎక్కవలసింది. సముద్రం మీద గాలి ఎక్కువగా ఉందని ప్రయాణాన్ని రేపటికి మార్చారు. నేల మీద మరొక రోజు మిగిలింది. లాడ్జి కిటికీలోంచి దీపస్తంభం కనిపిస్తున్నది. చీరాల కళాశాలలో ఉద్యోగ విరమణ దాకా భూగోళశాస్త్రం బోధించాను. నల్లబల్ల మీద నీలం సుద్దతో గీసిన సముద్రాల్లో ఒక్కదాన్నీ దాటలేదు. ఈ వయసులో ఒంటరిగా ఎందుకని మీరు అడిగారు. మరో రకంగా ప్రయాణించడం నాకు అలవాటు లేదు.

ఈ తీరిక దొరక్కపోతే ఈ కింది సంగతి రాసేదాన్ని కాదు.

నా భర్త పోయిన మరుసటి ఏడు, అన్నయ్య తొలి కోత మిరపకాయలు లారీకెత్తించి గుంటూరు యార్డుకు బయల్దేరుతున్నాడు. అప్పుడే బస్సు దిగి, గేటు తీసుకుని నేను ఎదురుగా వచ్చాను. మీరు నన్నేమీ అనలేదు. "ఏవండీ, ఒక్క నిమిషం కూర్చుని మంచినీళ్ళు తాగి బయల్దేరండి" అని అన్నయ్యతో అన్నారు. అపశకునానికి మన ఇళ్ళలో విరుగుడు అదే కదా. అన్నయ్య అరుగు మీద కూర్చుని, నా వంక చూడకుండా గ్లాసు ఖాళీ చేశాడు. మర్యాద తప్పకుండా నాకూ ఒక గ్లాసు ఇచ్చారు. నేను తాగలేదు.

ఆనాటి నుంచి ఆ ఇంట్లో ఎవరు ప్రయాణమైనా, ఎవరూ చెప్పకముందే దొడ్లోకి వెళ్ళేదాన్ని. అడిగితే కరివేపాకు కోయడానికనేదాన్ని. "మా మాధవికి కరివేపాకు పిచ్చి" అని అన్నయ్య నవ్వేవాడు. మీరు నవ్వేవారు కాదు. కారణం మీకు తెలుసునని అందుకే నాకు తెలిసింది.

మొన్న మీ ఇంటి నుంచి నేను బయల్దేరినప్పుడు శ్రీదివ్యను నీళ్ళబిందెతో ఎదురు పంపారు. మీరు కనిపించలేదు. అన్నయ్య పోయి ఏడాది తిరగలేదు కదా. చావిట్లో బస్తాలకెత్తి పేర్చిన మిరపకాయల టిక్కీల వెనక మీ చీర అంచు చూశాను. ఆ ఘాటుకు దగ్గు ఆపుకోవడమూ విన్నాను. పిలిస్తే జాలిపడినట్టు ఉంటుందని పిలవకుండా ఆటో ఎక్కాను. నాకు జాలి పుచ్చుకోవడమే కాదు, పెట్టడమూ చేతకాదు.

క్షమాపణలు నాకు అవసరం లేదు. కోరేది ఒక్కటే. ఇకమీదట నేను మీ గడప దిగేటప్పుడు మీరు ఎదురుగా ఉండాలి. టిక్కీల వెనకే నిలబడతానంటే, ఆ గడప మళ్ళీ తొక్కను. ఇది అలక కాదు, నిర్ణయం.

మీ ఆడపడుచు,
బిందుమాధవి


ఓడలో,
ఆదివారం

చిరంజీవి శ్రీదివ్యకు,

మీ అమ్మ క్షేమంగా చేరింది. నాకు ముందుగా చెప్పి ఉండవలసింది. చెప్పి ఉంటే వద్దనేదాన్ని కాబట్టి, చెప్పకపోవడమే సరి.

ఉదయం సామాను లాక్కుంటూ రేవు గేటు వైపు నడుస్తున్నాను. మీ ఊరి కోటేష్ కారు ఆగింది. అందులోంచి దిగిన మనిషి పక్కకు చూడకుండా, తిన్నగా నాకు ఎదురుగా నడిచి వచ్చింది. బొట్టు లేని నుదురు, నలిగిన చీర, చేతిలో నీళ్ళ సీసా.

"ఏమ్మా మాధవీ! ఎదురొచ్చాను, చూసుకో! ఓడ మునిగితే నన్ననొద్దు!"

అరవం మాట్లాడుకుంటున్న జనమంతా తిరిగి చూశారు.

"మునిగితే అనడానికి నేనుండాలి కదా" అన్నాను.

"నువ్వెక్కడికి పోతావులే. యముణ్ణి కూడా బెంచీ ఎక్కించి పాఠం చెప్తావు."

కోటేష్ కళ్ళు నులుముకుంటూ వచ్చాడు. "దారి పొడుగునా ఈ మాటే వల్లె వేసిందండీ. నెల్లూరు దాటేలోపు నాకూ నోటికొచ్చేసింది."

కల్లంలో కాయ ఆరబోసి వచ్చిందట, వెంటనే వెనక్కి వెళ్ళాలట. ఆ ఒక్క మాట అనడానికి రాష్ట్రం దాటి వచ్చింది. "పద, నీ ఓడవాళ్ళు పిలుస్తున్నారు" అంది, ఈసారి నెమ్మదిగా.

నేను కదలలేదు. గేటు పక్కన సిమెంటు బల్ల ఉంది. దాని మీద కూర్చున్నాను.

"శకునం చూశాక అలా ఎలా వెళ్తాను వదినా? కూర్చుని మంచినీళ్ళు తాగి బయల్దేరాలి."

మీ అమ్మ ముఖం పాలిపోయింది. నేను కాస్త జరిగి, పక్కన చోటు చూపించాను. చాలాసేపటికి వచ్చి కూర్చుంది. సీసా మూత తీసి నాకిచ్చింది. ఈసారి తాగాను. తర్వాత తను తాగింది.

రేవువాళ్ళు రెండోసారి పిలిచారు. సీసాలో ఇంకా సగం నీళ్ళున్నాయి. అవి అయ్యాకే లేచాం.

మీ మేనత్త,
బిందుమాధవి