పై అరలో బొమ్మ

నవంబర్ 4, సోమవారం

చాకి పురుగులు వచ్చాయి, పట్టుపురుగు పిల్లలు. ఇక అవి గూళ్ళు కట్టేదాకా ఈ ఇంట్లో అందరూ మెల్లగా నడుస్తారు, మెల్లగా మాట్లాడతారు. నాకు అదేమీ కొత్త కాదు. దిబ్బూరహళ్ళికి కోడలిగా వచ్చినప్పటి నుంచి నేను అలాగే ఉన్నాను.

దీపావళికి వచ్చిన ఆడబిడ్డ వినుత నిన్న చింతామణికి వెళ్ళిపోయింది. పోతూ పోతూ నా ఫోనులో ఒక యాప్ పెట్టింది. బొమ్మను కొంచెం కదిపి ఒక ఫోటో. మళ్ళీ కొంచెం కదిపి ఇంకో ఫోటో. అన్నీ వరసగా నడిపిస్తే బొమ్మ తనంతట తానే నడుస్తుంది. తన ఫోనులో చూపించింది. నాకు ఒళ్ళు జల్లుమంది. "నువ్వూ చెయ్యి వదినా, ఎవురేమంటారు?" అంది.

అంటారు. నాకు తెలుసు.

నవంబర్ 6

ఎర్రమట్టితో బొమ్మ చేశాను. కూర్చున్న ఆడమనిషి. ఆమె లేచి నిలబడాలి, అంతే. దొడ్డి గోడ వెనక దాక్కుని చేశాను. చెయ్యి ఎత్తించేసరికి భుజం పగిలింది. నీళ్ళతో అతికాను. తడిచోట ఒక రంగు, ఆరినచోట ఇంకో రంగు. నడిపించి చూస్తే ఆమె లేస్తోంది గానీ ఒళ్ళంతా మచ్చలు వస్తున్నాయి, పోతున్నాయి. ఏదో రోగమొచ్చిన మనిషిలా ఉంది. భయమేసి డిలీట్ చేశాను.

పక్కింటి తిమ్మక్క గోడ మీంచి తొంగి చూసింది. "ఏమ్మే, మట్టి తింటాండావా? ఏమన్నా విశేషమా?" అని ఒకటే నవ్వు. సాయంత్రానికి ఊరంతా చెప్పేస్తుంది.

నవంబర్ 7

గోధుమపిండి పనికిరాదు. ఒక ఫోటో తీసి ఇంకోటి తీసేలోపే తల వాల్చేస్తుంది, నాకు మల్లే.

నవంబర్ 9

బైండింగు తీగకు పాత రవిక గుడ్డ చుట్టాను. ఈమె విరగదు. కానీ ముట్టుకున్నప్పుడల్లా గుడ్డ మడతలు మారిపోయి, నడుస్తుంటే చలికి వణికినట్టు ఉంటుంది. బొమ్మను కదపడం కష్టం కాదు. మిగతాదంతా కదలకుండా ఉంచడమే కష్టం.

వాకిట్లో గాలి. వంటింట్లో అత్త. పురుగుల ఇల్లు ఒక్కటే సద్దు లేకుండా ఉంటుంది. దిష్టి తగులుతుందని బయటివాళ్ళను రానివ్వరు. కిటికీకి తెల్లగుడ్డ కట్టి ఉంది కాబట్టి వెలుగు ఒకేలా ఉంటుంది. ఈసారి పురుగులు తక్కువ తెచ్చారు, స్టాండులో పై అర ఖాళీ. మేత వేసేది నేనే. లోపల ఎంతసేపున్నా ఎవరూ అడగరు.

నవంబర్ 11

రాగిపిండిలో బెల్లం పాకం, కొంచెం నూనె. దేవుడా, ఇది నా మాట వింటోంది! పగలదు, వాలదు, వంచినచోట నిలుస్తుంది.

చేత్తో పట్టుకుంటే ఫోను ఊగుతోంది. అందుకని కిటికీ చువ్వ నుంచి స్టాండు పై కడ్డీ దాకా తీగ లాగి కట్టి, దానికి ఫోనును బిగించాను. బొమ్మ లేచింది. నిలబడింది. ఒక అడుగు వేసింది. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

బొమ్మనూ తీగనూ అలాగే వదిలేసి వచ్చాను. విప్పితే మళ్ళీ అదే చోటికి రాదు.

నవంబర్ 12, సాయంత్రం

ఇంకొంచెం నడిపించాను. ఇంటికొచ్చి చూస్తే ఫోటోలో ఒక మూల నల్లచుక్క. తర్వాతి ఫోటోలో అది కొంచెం ముందుకు జరిగింది. ఆ తర్వాత రెండు చుక్కలు. బొమ్మను తప్ప నేనేదీ కదపలేదు.

ఫోను మూసేశాను. ఏదో మరక అయి ఉంటుంది. పోయి చూద్దామంటే అత్త అప్పటికే తలుపు వేసేసింది. పురుగులు నాలుగో జ్వరంలోకి పోయాయి. పొర విడిచేదాకా మేత ఉండదు. లోపలికి ఎవరూ పోకూడదు.

నవంబర్ 13

తలుపు తియ్యమని అడగలేకపోయాను.

నవంబర్ 14

పొద్దున అత్త తలుపు తీసి కేక పెట్టింది. చీమలు. పై అర నుంచి కింది అరల్లోకి దిగి, పొర విడుస్తూ కదల్లేని పురుగులను పట్టుకున్నాయి. రెండు అరలు పూర్తిగా పోయాయి. మిగతావాటిని ఆయనా అత్తా తట్టల్లోకి ఏరుకున్నారు. ఆ గొడవలో నేను తీగ విప్పేసి, బొమ్మను కొంగులో దాచుకుని బయటపడ్డాను. బొమ్మకు కాళ్ళు లేవు. తినేశాయి.

చీమలు ఎక్కకుండా స్టాండు కాళ్ళు నీళ్ళగిన్నెల్లో ఉంటాయి. వాటిని నింపేది అత్త. ఆయన ఆమె మీద విరుచుకుపడ్డారు. "గిన్నెలు ఎండబెట్టేసి ఇప్పుడు నీళ్ళు పోసి నాటకాలాడతాండావా? చీమలు ఎగిరొచ్చినాయా?" అని. "తలుపెయ్యకముందే పోసినానప్పా, నా కండ్లారా చూసి పోసినాను" అని ఆమె. తిమ్మక్క ఊరుకుంటుందా, వాకిట్లో నిలబడి "పురుగులకి కావలుండే అత్తకే ఇంక కావలి పెట్టల్ల" అంది.

మధ్యాహ్నం ఫోటోలు మళ్ళీ చూశాను. చుక్కలు తీగ ముడి దగ్గర నుంచి వస్తున్నాయి. బొమ్మ కాళ్ళ దగ్గరికి పోతున్నాయి. గిన్నెల్లో నీళ్ళు ఉండే ఉంటాయి. చీమలకు దారి వేసింది నేను.



నవంబర్ 15

అత్త అన్నం తినలేదు. "పోసినానో లేదో, నాకే తెలీకుండా పోతాండాది" అని గోడతో చెబుతోంది. ఊళ్ళో ఎవరి పురుగులకు జబ్బు చేసినా ముందు మా అత్త లక్ష్మీనరసమ్మనే పిలుస్తారు. అలాంటి మనిషి ఈరోజు పురుగుల ఇంటి గడప తొక్కడానికి భయపడింది.

పంట ఎత్తేదాకా ఆమెను వినుత దగ్గర ఉంచుతామని ఆయన తేల్చేశారు. రేపు పొద్దున బస్సు. తాళంచెవి నా చేతిలో పెట్టి, "ఇంక నువ్వే చూసుకో, నువ్వన్నా జాగ్రత్తగా ఉండావు" అన్నారు. చెప్తే నన్ను మిట్టేమరికి, మా అమ్మ దగ్గరికి పంపేస్తారు. చెప్పకపోతే అత్త తనకు మతి పోయిందనే అనుకుంటూ బతుకుతుంది.

నవంబర్ 16

అత్త బ్యాగు సర్దుకుని అరుగు మీద కూర్చుంది. ఆయన బండి తీస్తున్నారు. నేను పోయి ఫోను ఆయన చేతిలో పెట్టాను. బొమ్మ లేచింది, నడిచింది. "ఏమిది, ఇప్పుడా బొమ్మలాట?" అన్నారు. తీగ ముడి మీద వేలు పెట్టి చూపించాను. "తీగ నేను కట్టినాను. బెల్లం నేను కలిపినాను." అంతే వచ్చింది నోటికి.

అత్త ఫోను లాక్కుంది. మళ్ళీ వెయ్యమంది. మళ్ళీ. చీమలు బారులు తీరేదాకా చూసి, "అయితే నాకు మతి పోలేదు" అంది. మాతో కాదు, ఆ ఫోనుతో.

ఆయన బండి ఆపేశారు. "దీనికా నీకు ఫోను కొనిచ్చింది?" అని దాన్ని జేబులో వేసుకుని మల్బరీ తోటలోకి వెళ్ళిపోయారు. పొద్దు గూకేదాకా రాలేదు.

నవంబర్ 17

అత్త బ్యాగులోంచి చీరలు తీసి తాడు మీద వేసింది. తాళంచెవి అడగకుండానే నా కొంగు ముడి విప్పి తీసుకుంది. నిన్నటి నుంచి నాతో ఒక్క మాట లేదు.

ఇప్పుడు తోట గట్టు మీంచి కేక వేస్తోంది. "ఆకు కొయ్యల్ల, కొడవలెత్తుకోని రా."

పోతున్నాను.