కాప్తెన్ అని ఇప్పుడు ఆయనను పిలుస్తున్నరు

అక్టోబర్ 1, ఆదివారం

డీన్ పిలిచిండు. కూసోమన్నడు. ఈ కాలేజీల ఎనిమిదేండ్ల సంది పనిచేస్తున్న, ఒక్కసారి గూడ కూసోమనలే. అప్పుడే తెలిసింది.

"నీ ఇకామా మీద ఏమని ఉంది?"
ఎలక్ట్రీషియన్. నేను ఈ దేశంల ఉండి పనిచేసే కార్డు మీద ఆ పనే రాసి ఉన్నది.
"సాయంత్రం గ్రౌండ్ల ఏం చేస్తున్నవ్?"
ఫుట్‌బాల్ టీంకు కోచింగ్... ఐదేండ్ల సంది. మీరే చెయ్యమన్నరు.

ఇన్‌స్పెక్షన్ వస్తే కాలేజీకి ఇబ్బందట. సౌదీ మనుషులు ఎంతమందున్నరో లెక్కగట్టి రంగులిచ్చే నితాకత్‌ల మనది పసుపు రంగుల ఉన్నదట, ఇంకొక్క సౌదీ మనిషిని తీసుకుంటే ఆకుపచ్చకు పోతదట. అందుకే ఒక సౌదీ కోచ్‌ను తెస్తున్నరు. మాజిద్. పెద్ద క్లబ్బుకు కోచ్‌గ చేసినోడు. పోయిన సీజన్ మధ్యల తీసేసిండ్రు.

"నువ్వు ఆయనకు సాయం ఉండు. లైట్లు, బాల్స్, స్టోర్ తాళం — అన్నీ నీ దగ్గరనే."

థాంక్స్ చెప్పినట్టు షుక్రన్ అని లేచిన. ఎందుకు షుక్రన్ అన్ననో.

అక్టోబర్ 3, మంగళవారం

వచ్చిండు. తెల్లకారు. పొడుగ్గ ఉన్నడు, గడ్డం సన్నగ గీసుకున్నడు. పిల్లలు ట్రైనింగ్ ఇడిచిపెట్టి సెల్ఫీలకు ఉరికిండ్రు. అందరికంటె ముందు సామి.

"కాప్తెన్! కాప్తెన్!"

ఇక్కడ కోచ్‌ను అట్లనే పిలుస్తరు. నేను అలవాటుల ఇటు తిరిగిన. నన్ను కాదు.

అక్టోబర్ 5, గురువారం

ఫోన్ల ఆయన పేరు కొట్టి చూసిన. ఒక వీడియో దొరికింది. ఆఖరి మ్యాచు, వరుసగ ఏడోసారి ఓడిండ్రు. జనం పో, పో అని అరుస్తున్నరు. ఆయన లైను పక్కన చేతులు కట్టుకొని నిలబడ్డడు, కెమెరా మొహం దగ్గరికి పోయింది.

మూడుసార్లు చూసిన. మంచిగనిపించింది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్న, ఇక్కడ గూడ అబద్ధమెందుకు.

అక్టోబర్ 10, మంగళవారం

పిల్లలందరినీ తూకం మీద నిలబెట్టిండు. పొద్దున ఐదున్నరకొకసారి, సాయంత్రం అసర్ నమాజు తర్వాత ఒకసారి ట్రైనింగట. కోలా బందు. గోల్‌కీపర్ యాసిర్ బరువున్నడని బెంచీ మీద కూసోబెట్టిండు. వానికి ఏడుపొక్కటే తక్కువ.

ఇది క్లబ్బు కాదయ్యా. వీళ్ళు పొద్దంత వెల్డింగ్ ప్రాక్టికల్ చేసి, కండ్లు మండుతుంటే వస్తరు. ఆడితే జీతం రాదు, ఆడకుంటే పోయేది లేదు. నవ్వించుకుంట ఆడిపియ్యాలె వీళ్ళను.

చెప్పలే. ఎవరడిగిండ్రు గనుక.

బస్సు నడిపే ఖాదర్‌భాయ్‌కి చెప్పిన. ఆయనది కడప. "పెద్ద టీముల్ని నడిపినోడికి ఈ పిల్లోళ్ళు యాడ ఆనుతారప్పా? నెల తిరక్కుండా పోతాడు చూడు" అన్నడు. ఆ మాటతోని అన్నం తిన్న.

అక్టోబర్ 11, బుధవారం

ఇయ్యాల ట్రైనింగ్‌ల నన్ను ఒక్కసారే పిలిచిండ్రు. "సదీక్, బాల్‌ల గాలి లేదు."

సదీక్ — దోస్తు. దారిన పోయే కూలోన్ని పిలిచే పిలుపు. నేను ఈ కాలేజీకి వచ్చిన కొత్తల గూడ అదే పేరు నాది.

అక్టోబర్ 17, మంగళవారం

ఇది రాయబుద్ధి గావట్లేదు. అయినా.

సామి. రెండేండ్ల కింద వచ్చినప్పుడు ఎడమకాలుతోని బాల్ తన్నరాకపోయేది. గోడకు కొట్టిచ్చి కొట్టిచ్చి నేను నేర్పిన. అన్నీ వచ్చినయ్ గని ఒక్కటి రాలే — బాల్ అందుకున్నంక ఎటు పోవాల్నో తెల్వక ఆగుతడు. అంతల ఎవడో వచ్చి గుంజుకుంటడు. రెండేండ్లు ఒర్రిన, "తొందరగ! తొందరగ!" అని.

ఇయ్యాల మాజిద్ వాని పక్కకు పోయి ఒక్కటే చెప్పిండు. బాల్ నీ దగ్గరికి వచ్చేలోపు భుజం మీదికెళ్ళి ఒకసారి ఎనుకకు చూడు. అంతే. నాలుగుసార్లు చేయించిండు. ఐదోసారికి సామి బాల్ అందుకుంటనే తిరిగి ఎల్లిపోయిండు, ఎవ్వనికి దొరకకుండ.

పది నిమిషాలు గూడ పట్టలే.

సామి ఎగిరి ఆయన మెడ పట్టుకున్నడు. నేను స్టోర్ రూంకు పోయి వలలు మడతపెట్టిన. మడతపెట్టినయే మళ్ళ ఇప్పి మడతపెట్టిన.

అక్టోబర్ 20, శుక్రవారం

ఇంటికి వీడియో కాల్. ఎండకాలంల ఇంటోళ్ళ మీద తలకింత అని ఫ్యామిలీ లెవీ పన్ను వచ్చినప్పుడు నా పెండ్లాం లావణ్యను, బిడ్డ సిరిని ఆర్మూరుకు పంపిన. ఈ రూంల ఒక్కన్నే ఉన్న అప్పటిసంది.

లావణ్య నా మొహం చూసి కనిపెట్టింది. "ఆయన మంచిగ నేర్పుతున్నడా లేదా? గది చెప్పు."
నేర్పుతున్నడు.
"మరి నీకేం రోగం?"

ఏమని చెప్పాలె. జనవరిల పనోళ్ళ మీద గూడ లెవీ పెరుగుతదట, ఎవరెవరిని వాపస్ ఇంటికి పంపాల్నో లిస్టు తయారైతున్నదట. టీం నా చేతిల ఉంటే నాకొక పేరుండె. ఇప్పుడు బల్బులు మార్చెటోన్ని.

అది ఒక్కటే అనుకుంటే గూడ అబద్ధమే. లిస్టు లేకున్నా కడుపుల ఇట్లనే మండేది.

అక్టోబర్ 24, మంగళవారం

సామి కుడి మోకాలు. పోయినేడు మెలితిరిగింది. వాళ్ళ నాయనకు తెలిస్తే ఆట బందు పెట్టిస్తడని దాచిండు, నాకొక్కనికే చెప్పిండు. నేను మ్యాచుకు ముందు పట్టీ కట్టెటోన్ని, మ్యాచు తెల్లారి ఉరకనియ్యకపోయేది. అట్ల ఏడాది ఎల్లదీసినం.

ఇప్పుడు దినాం రెండుసార్లు ఉరుకుతున్నడు. ఇయ్యాల మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకున్నడు. చూసిన.

మాజిద్‌కు చెప్పాలె.

అడగంది ఎందుకు చెప్పాలె? అంత పెద్ద కోచ్, ఆయనకే కనవడాలె.

అక్టోబర్ 30, సోమవారం

గెలిచినం. నాలుగు–సున్నా. మనకు ఎప్పుడూ గెలువరాని టీం అది. సామివి రెండు గోల్స్. డీన్ గ్రౌండ్లకు దిగి మాజిద్‌ను కావలించుకున్నడు. ఫోటో తీసిండ్రు. ఫోటో తీసింది నేనే, ఫోన్ నా చేతికిచ్చి "సదీక్, అందరు రావాలె" అన్నరు.

అందరు వచ్చిండ్రు.

నవంబర్ 1, బుధవారం

మళ్ళ రేపే మ్యాచు. సామి స్టోర్ రూంకు వచ్చి తలుపు దగ్గరికేసిండు. ప్యాంటు మడిచి చూపెట్టిండు. వాచింది.

"కాప్తెన్‌కు చెప్పకు. చెప్తే తీసేస్తడు."

పట్టీ కట్టిన. గట్టిగ కట్టిన. "రేపు ఆడకురా" అన్న ఒక్క మాట నోట్లకు వచ్చింది, ఆగింది. ఎందుకు ఆగిందో నాకు ఎరుకే. ఒక్క మ్యాచన్న ఓడాలె ఆయన. సామికి దెబ్బ తాకాల్నని కాదు... దేవుడు సాక్షి, అది కాదు. నడువలేక తనంతట తనే బయటికొస్తడు అనుకున్న.

నవంబర్ 2, గురువారం

అరవై నిమిషాలు దాటినయ్. సామి బాల్ అందుకొని తిరిగిండు — ఆయన నేర్పిన తిరుగుడే — మోకాలు ఎంబడి రాలే. చప్పుడు నా దాకా ఇనవడ్డది. ఇనవడ్డదో, నేననుకున్ననో.

స్ట్రెచర్ మీద పోయేటప్పుడు నా దిక్కే చూసిండు.

మాజిద్ అందరి నడుమ నిలబడి అడిగిండు, "ముందుగాల్నే ఏమన్న ఉండెనా? ఎవరికన్న తెలుసా?"

నేను బాటిళ్ళు ఏరుతున్న.

నవంబర్ 3, శుక్రవారం

లిగమెంట్. ఆపరేషన్. ఈ ఏడాది ఆట లేదు, వచ్చే ఏడాది గూడ చెప్పలేమట.

నవంబర్ 5, ఆదివారం

ఖాదర్‌భాయ్ బస్సుల ఆస్పత్రికి తీసుకపోయిండు. సామి కాలు దిండ్ల మీద పెట్టుకొని ఉన్నడు. రూంల ఎవ్వరు లేనప్పుడు నా చెయ్యి పట్టుకున్నడు.

"నాయన అడిగిండు, కాప్తెన్ అడిగిండు. నువ్వు చెప్పలే. మాట నిలబెట్టుకున్నవ్. షుక్రన్, రాజు."

మాట నిలబెట్టుకున్ననట.

వచ్చేటప్పుడు బస్సుల అన్నిటికంటె ఎనుక సీట్ల కూసున్న. ఖాదర్‌భాయ్ అద్దంల చూసి "ఏమైందప్పా, పిల్లోడేమన్నా అన్న్యాడా?" అన్నడు.
మంచిగనే మాట్లాడిండు అన్న.

నవంబర్ 9, గురువారం

మాజిద్ దినాం ఆస్పత్రికి పోతున్నడట. ట్రైనింగ్‌ల విజిల్ ఊదుడు తగ్గింది. యాసిర్‌ను మళ్ళ గోల్‌ల నిలబెట్టిండు.

ఇయ్యాల పిల్లలు పోయినంక బెంచీ మీద నా పక్కన వచ్చి కూసున్నడు. అడగకముందే చెప్పుకుంట పోయిండు.

క్లబ్బుల తీసేసినప్పుడు పిలిచి గూడ చెప్పలేదట. మ్యాచు అయినంక బస్సుల ఉన్నడు, ఫోన్ల మెసేజ్ వచ్చింది. ఎనుక సీట్లల్ల టీం పిల్లలకు గూడ అప్పుడే వచ్చింది. ఎవ్వరు ఆయన దిక్కు చూడలేదట. నాలుగు గంటల తొవ్వ.

"అక్కడ నాకు డాక్టర్ ఉండె. ఒక్కొక్క పిల్లగానిది ఒక్కొక్క ఫైలుండె. పొద్దున ఫైలు తెరిస్తే వానికి ఎక్కడ నొప్పి, రాత్రి నిద్రపోయిండా, అంతా రాసి ఉండేది. ఇక్కడ నాకెవ్వరు ఫైలియ్యలే." నన్నే చూసుకుంట అన్నడు. "నువ్వే ఫైలని నాకు తెల్వలే."

తర్వాత, మెల్లగ — "నీకు తెలుసా, సామి సంగతి?"

లేదు అన్న.

నమ్మిండు. నమ్మకపోతే బాగుండు.

నవంబర్ 13, సోమవారం

డీన్ మళ్ళ కూసోమన్నడు.

సామి నాయన ఫిర్యాదు పెట్టిండు. కొత్త కోచ్ నా కొడుకు కాలు ఇరగ్గొట్టిండని. క్లబ్బులల్ల చేసినోడు కాలేజీ పిల్లలకు పనికొస్తడా రాడా, మూడు నెలల ప్రొబేషన్ అయ్యేలోపు తేల్చాలట.

"ఐదేండ్లు టీంను చూసింది నువ్వు. ఒక పేజీ రాసియ్యి. ఆయన మనకు సరిపోడని అనిపిస్తే అదే రాయి." గ్లాసుల చాయ్ నా దిక్కు జరిపిండు. "సౌదీ మనిషిని లైబ్రరీకి గూడ తెచ్చుకోవచ్చు. టీం మళ్ళ నువ్వే చూసుకో. ఇకామా మీద ప్రొఫెషన్ మార్చుడు నేను మాట్లాడత."

అడుగుతున్నడా, చెప్తున్నడా?

నవంబర్ 14, మంగళవారం

ఖాదర్‌భాయ్: "రాసేయప్పా! నువ్వు అబద్ధం రాయాల్సిన పనే లేదు గదా. రెండుపూటలా పరిగెత్తించినాడు, కాలు పోయింది. ఉన్నదే రాయి."

నిజమే. ఉన్నదే. సగం ఉన్నది.

లావణ్యకు అంతా చెప్పిన. పట్టీ కట్టిన కాడికెళ్ళి. సిరి ఎనుక ఏదో పాఠం చదువుతున్నది, అది ఇనవడుతున్నది.

"గా పిలగాని తల్లికి ఎట్లుంటదో అనుకుంటున్న" అన్నది. తిట్టినా బాగుండు.

నవంబర్ 16, గురువారం

పేజీ మొదలుపెట్టిన. ఇంగ్లీషుల. "మిస్టర్ మాజిద్ ఈజ్ నాట్ సూటబుల్" — అంత దాకా వచ్చి ఆగిన. ఆ మాట తప్పు గూడ కాదు. వచ్చిన మొదటి నెల ఆయన నిజంగనే సరిపోలే. పిల్లలను పిల్లల్లెక్క చూడలే.

గని సామి ఆ తిరుగుడు... నా కింద పదేండ్లున్నా రాకపోవు.

చింపేసిన.

నవంబర్ 19, ఆదివారం

చెప్పిన.

అసర్ అయినంక, పిల్లలు ఇంకా రాకముందు. ఆయన కోన్స్ పెడుతున్నడు. దగ్గరికి పోయి నిలబడి చెప్పిన — నాకు తెలుసు, ఏడాది సంది తెలుసు. ముందు దినం పట్టీ కట్టింది నేనే. సామి చెప్పొద్దన్నడని ఊకోలే. నువ్వు ఓడాల్నని ఊకున్న.

అరబ్బీల ఆ మాట సరిగ చెప్పరాలే. రెండుసార్లు చెప్పాల్సొచ్చింది. రెండోసారి ఇంకా కష్టమైంది.

కోన్ చేతిల పట్టుకొని అట్లనే నిలబడ్డడు. కొడతడనుకున్న. మొహం ఎర్రగైంది. కోన్ ఇసిరేసిండు, గోల్‌పోస్టుకు తాకింది. అటు దూరం నడుచుకుంట పోయిండు, కార్నర్ జెండా దాకా. వాపస్ వచ్చిండు.

"మిగిలినోళ్ళవి చెప్పు."
ఏంటివి?
"అన్నీ. ఎవరికేం నొప్పి, ఎవరింట్ల ఏం సంగతి. పద్దెనిమిది మంది. ఒక్కటి ఇడిచిపెట్టొద్దు."

ట్రైనింగ్ లేదని పిల్లలను పంపించిండు. కారులకెళ్ళి నోటుబుక్కు తెచ్చిండు. పొద్దుగూకి మగ్రిబ్ బాంగు అయ్యేదాకా కూసున్నం. యాసిర్ తల్లి డయాలసిస్, అందుకే మంగళవారాలు లేటు. లెఫ్ట్ బ్యాక్‌కు ఎడమ చెవి ఇనరాదు, కుడిదిక్కుకెళ్ళి పిలువాలె. ఒకనికి ఆస్తమా. ఒకడు తిడితే ఆడుతడు, ఒకడు తిడితే ముడుచుకపోతడు. ఆయన అరబ్బీల రాసుకుంట పోతున్నడు, కుడికెళ్ళి ఎడమకు.

ఒక్కొక్క పేరు చెప్తుంటే ఒక్కొక్కడు నా దగ్గరికెళ్ళి లేచి ఆయన దిక్కు పోతున్నట్టున్నది. నాకున్నదే గది. పద్దెనిమిదో పేరు కాడ నీళ్ళు తాగుతనని లేచి పోయి, శానసేపు నల్ల కాడనే నిలబడ్డ.

నవంబర్ 20, సోమవారం

పేజీ రాసిచ్చిన. మోకాలు సంగతి నాకు తెలుసని, నేను చెప్పలేదని రాసిన. ఆయన ఈ టీంకు పనికొస్తడని రాసిన. రాస్తుంటే గూడ మండింది. ఇప్పుడు గూడ మండుతున్నది.

డీన్ చదివిండు. మళ్ళ చదివిండు. "ఇది నేను ఫైల్‌ల పెడితే ఏమైతదో తెలుసా నీకు?"

తెలుసు.

"రేపటి దాకా నా దగ్గర ఉంచుత. వాపస్ తీసుకుంటే తీసుకో."

నవంబర్ 21, మంగళవారం

ఆస్పత్రికి పోయిన. సామికి గూడ చెప్పాలె గదా. వాళ్ళ నాయన రూంల ఉన్నడు, సలాం చేసి వాపస్ వచ్చిన.

డీన్ దగ్గరి కాయితం వాపస్ తీసుకోలే.

రేపు పది గంటలకు డీన్ రూంల మీటింగ్. సామి నాయన వస్తడు, మాజిద్ వస్తడు, నేను. మాజిద్ ఫోన్ చేసిండు. ఆదివారం సంది నాతోని మాట్లాడుడు ఇదే. క్యాంపు గేటు కాడికి వస్త, నా కారుల పోదాం అన్నడు. గొంతుల కోపం ఉన్నదా లేదా — పట్టుకోలేకపోయిన.

వస్తనో రానో చెప్త అన్న. ఇంకా చెప్పలే.